అన్నంభట్టు తూచని గాలి

మా ఇంటి ముందుగది పొడవు 14 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. అందులో ఉన్న గాలినంతా ఎవరైనా ఎత్తి కాంటా మీద పెట్టగలిగితే అది 50 కిలోల సిమెంటు బస్తా కంటే కాస్త ఎక్కువే తూగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున గదిలో 18 డిగ్రీలున్నప్పుడు ఆ బరువు సుమారు 56 కిలోలు. మే నెల మధ్యాహ్నం అదే గదిలో 40 డిగ్రీలకు చేరినప్పుడు 52. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, పట్టనిదంతా బయటికి పోతుంది. నాలుగు కిలోల గాలి కిటికీల్లోంచి, తలుపు సందుల్లోంచి ఏ వేళ వెళ్లిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మళ్లీ చలికాలం వచ్చేసరికి అది తిరిగొచ్చి కూర్చున్న సంగతీ తెలియదు.

ఈ లెక్క చెబితే మా అన్న కూతురు నమ్మలేదు. ఏడో తరగతి చదువుతోంది. గాలి స్థలాన్ని ఆక్రమిస్తుందని, గాలికి బరువుందని, గాలి అన్ని వైపులా ఒత్తుతుందని పాఠం అప్పజెప్పగలదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోగలదు. అయినా నమ్మదు. "బాబాయ్, అంత బరువుంటే మన నెత్తి మీద ఎందుకు తెలుస్తలేదు?" అని అడిగింది. పాఠం చివర ఉన్న ప్రశ్నలన్నింటికంటే ఆ ప్రశ్న పెద్దది. చాలా గొప్ప మేధావులు సైతం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. వాళ్లలో మన తెలుగువాడూ ఒకాయన ఉన్నాడు.

అన్నంభట్టు 17వ శతాబ్దపు పండితుడు. కాశీకి పోయినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు కాలేరని సామెత పుట్టేంత పేరు ఆయనది. తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థి చేతిలో ఇవాళ్టికీ ముందుగా పెట్టేది ఆయన తర్కసంగ్రహాన్నే. లోకంలో ఉన్న పదార్థాలు ఏవి, వాటి గుణాలు ఏవి అని ఒక్కొక్కటే విప్పి చెప్పే చిన్న పుస్తకం అది. అందులో గాలి గురించి ఆయన చెప్పిన మాటల సారం ఇది: దానికి రూపం లేదు, స్పర్శ ఉంది. ఆ స్పర్శ వేడిదీ కాదు, చల్లనిదీ కాదు. వేడి నిప్పుది, చల్లదనం నీటిది. గాలికి వేగం కూడా ఉంది. ఏ పరికరమూ లేకుండా కేవలం చర్మంతో, ఆలోచనతో ఇంత దూరం రావడం నాకు ఎప్పుడు చదివినా అబ్బురంగానే ఉంటుంది. కానీ బరువు దగ్గరికి వచ్చేసరికి ఆయన దాన్ని భూమికీ నీటికీ మాత్రమే ఇచ్చాడు. గాలికి ఇవ్వలేదు. మట్టిగడ్డ వదిలితే కింద పడుతుంది, నీళ్లు ఒంపితే కిందికి జారతాయి. గాలి ఎక్కడ పడింది గనక?

అదే శతాబ్దంలో, 1638లో, ఇటలీలో గెలీలియో అచ్చువేసిన పుస్తకంలో గాలిని తూచే పద్ధతి ఒకటి ఉంది. ఒక గాజుబుడ్డిలోకి పిచికారీతో అదనంగా గాలి కూరి, బిగించి, త్రాసులో పెట్టి, సన్నని ఇసుకతో సరితూచాడు. తర్వాత మూత వదిలి, కూరిన గాలిని పోనిచ్చి, మళ్లీ తూచాడు. తగ్గిన ఇసుక ఎంతో, బయటికి పోయిన గాలి బరువు అంత.

ఇక్కడ కీలకం 'అదనంగా' కూరడం. ప్లాస్టిక్ సంచి నోరు తెరిచి, గాలి నింపి, ముడి వేసి తూస్తే కాంటా సంచి బరువు తప్ప ఇంకేమీ చూపదు. సంచిలో గాలికి బరువు లేక కాదు. చుట్టూ ఉన్న గాలి, సరిగ్గా సంచి తొలగించిన గాలి బరువంత బలంతో దాన్ని పైకి ఎత్తుతోంది. గాలిలో మునిగి ఉండి గాలిని తూస్తున్నాం కాబట్టి తూకం సున్నా వస్తుంది. బయటికీ లోపలికీ తేడా పుట్టిస్తేనే బరువు బయటపడుతుంది. అన్నంభట్టు కంటికి గాలి బరువు దొరకకపోవడానికి ఆయన తర్కంలో లోపమేదీ నాకు కనబడదు. ఆయన ముందు తేడా లేదు, అంతే. గాలి గురించి నాకు తెలిసిందంతా ఈ ఒక్క చోటికే వచ్చి చేరుతుంది: అది మనకు తేడాలోనే తెలుస్తుంది. ఎక్కడా తేడా లేనప్పుడు టన్నుల బరువూ సున్నాలాగే ఉంటుంది.

బడుల్లో గాలి బరువు చూపడానికి కర్రకు రెండు చివరలా రెండు బెలూన్లు కట్టి, ఒకదాన్ని సూదితో పగలగొడతారు. కర్ర రెండో వైపు వంగుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు ఆ ప్రయోగం మీద తృప్తి లేదు. ఊదిన బెలూన్ లోపలి గాలి బయటి గాలి కంటే కొద్దిగానే ఒత్తుగా ఉంటుంది. కర్రను వంచేది ఆ కొద్ది అదనమే. పైగా పగిలినప్పుడు రబ్బరు ముక్క ఒక్కటి ఎగిరిపడినా లెక్క తారుమారవుతుంది. దానికంటే ఫుట్‌బాల్ మేలు. గాలి కొంచెం తక్కువగా, బంతి గుండ్రంగా మాత్రం నిలిచేట్టు ఉంచి ఒకసారి తూచాలి. తర్వాత సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొట్టి మళ్లీ తూచాలి. బంతి పెద్దగా ఉబ్బదు, లోపల గాలి మాత్రం చిక్కబడుతుంది. ఐదున్నర లీటర్లు పట్టే బంతిలో బయటి కంటే చదరపు సెంటీమీటరుకు 0.8 కిలోల ఒత్తిడి ఎక్కువగా నిలిస్తే అదనపు బరువు 5 గ్రాముల దాకా వస్తుంది. గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ కాంటాలు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి. గెలీలియో ఇసుక రేణువులతో పడిన కష్టం మన పిల్లలకు అవసరం లేదు.

ఒత్తిడి సంగతి అంత తేలిగ్గా బంతితో ముగిసేది కాదు. దానికి నాకు తెలిసిన అసలైన పాఠశాల వ్యవసాయ బావి.

హనుమకొండ దగ్గర హసన్‌పర్తి దాటాక మా మామ వాళ్లకు పొలం ఉండేది. అక్కడి బావి నాకు బాగా గుర్తు. మోట కొట్టే కాలం నేను చూడలేదు. నేను చూసేనాటికి ఐదు హెచ్‌పీ మోటరు వచ్చింది. అది బావి ఒడ్డున ఉండేది కాదు, బావి లోపల గోడ నుంచి ముందుకు కట్టిన దిమ్మె మీద ఉండేది. దాని కింద ఇంకో పాత దిమ్మె ఆనవాలు, పైన మరోటి. వానాకాలం నీళ్లు పైకొస్తే మోటరు మునగకుండా పైకి లాగేవారు. ఎండాకాలం నీళ్లు దిగితే గొలుసులూ మోకులూ కట్టి, నలుగురు మనుషులు పట్టుకుని, మళ్లీ కిందికి దించేవారు. కాలు జారితే ప్రాణం పోయే పని. తెలంగాణ పల్లెల్లో ఈ దృశ్యం చూడని రైతు కుటుంబం ఉండదు. మోటరుకు అంత బలం ఉన్నప్పుడు ఒడ్డున ఉంచి పైపు పొడుగు పెంచుకోవచ్చు కదా అని అప్పట్లో నాకు అనిపించేది. మామను అడిగితే "ఇరవై, ఇరవై రెండు అడుగుల కంటే కిందున్న నీళ్లు గుంజదురా" అన్నాడు. ఎందుకు గుంజదో ఆయన చెప్పలేదు. గుంజదన్న సంగతి మాత్రం ఆయనకు ఏ ఇంజనీరు కంటే తక్కువ తెలియదు.

మోటరు పనిచేయడం మొదలుపెట్టే ముందు ఒక తంతు ఉండేది. పంపు మీది మూత విప్పి, బిందెతో నీళ్లు పోసి, పైపు నిండా నీళ్లు నిలిచాక మూత బిగించి, అప్పుడు స్టార్టరు నొక్కాలి. కింద ఫుట్‌వాల్వు సరిగా మూసుకోకపోతే పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయేవి. కొందరు పెండ కలిపిన నీళ్లు పోసి ఆ సందులు పూడ్చేవారు. నడుస్తున్న మోటరు ఉన్నట్టుండి వట్టిగా గిర్రున తిరిగి, నీళ్లు ఆగిపోతే "మోటరు గాలి పట్టింది" అనేవారు. పైపు జాయింటులో వెంట్రుకవాసి పగులు చాలు, గాలి లోపలికి దూరుతుంది, నీళ్లు రావు.

దీన్నంతా ఒక్క మాటతో విప్పవచ్చు. మోటరు నీళ్లను గుంజదు. అది చేసేదల్లా పైపులో ఒత్తిడిని తగ్గించడం. బావిలో నీటి మీద బయటి గాలి ఎప్పటిలాగే తన బరువంతా మోపి కూర్చుంటుంది. పైపు లోపల ఆ బరువు తగ్గింది కాబట్టి నీళ్లు పైపులోకి నెట్టబడతాయి. నెట్టేది ఆకాశం. ఆకాశం నెట్టగలిగినంత ఎత్తుకే నీళ్లు ఎక్కుతాయి. ఆ పైన మోటరు పది హెచ్‌పీదైనా, వంద హెచ్‌పీదైనా ఒకటే.

ఎంత ఎత్తుకు? సముద్రమట్టంలో గాలి చదరపు సెంటీమీటరు మీద మోపే బలం ఒక కిలో బరువు కంటే కొంచెం ఎక్కువ. 10.3 మీటర్ల నీటి స్తంభం మోపే బలం కూడా అంతే. హనుమకొండ సముద్రమట్టానికి సుమారు 266 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన కింద 266 మీటర్ల మందం గాలి ఉండిపోయింది, దాని బరువు మన బావుల మీద పడదు. మన దగ్గర ఒత్తిడి 980 మిల్లీబార్ల చుట్టూ ఉంటుంది. నీటి ఎత్తు 10 మీటర్లకు తగ్గుతుంది. ఇది కూడా పైపులో పూర్తి శూన్యం సృష్టించగలిగితేనే. శూన్యానికి దగ్గరయ్యేకొద్దీ నీరు ఆవిరిగా మారి ఆ ఖాళీని నింపుతుంది. పైపు గోడల రాపిడి కొంత తింటుంది. పంపు లోపల నీరు ఆవిరై బుడగలు కట్టకుండా కొంత ఒత్తిడి మిగిలి ఉండాలి. అన్నీ పోగా రైతుకు దక్కేది ఆరేడు మీటర్లు. మామ చెప్పిన ఇరవై రెండు అడుగులు ఇవే.

ఈ హద్దు ఇటలీలో బావులు తవ్వేవాళ్లకూ తెలుసు. పంపు నీటిని సుమారు పది మీటర్లకు మించి ఎత్తదని గెలీలియో అదే 1638 పుస్తకంలో రాశాడు గానీ, కారణం గాలి బరువని ఆయనకూ తట్టలేదు. గాలిని తూచినవాడే ఆ బరువు నీటిని నెడుతోందని గుర్తించలేదు! 1643లో ఆయన శిష్యుడు టోరిచెల్లి నీటి బదులు దానికంటే 13.6 రెట్లు బరువైన పాదరసం తీసుకున్నాడు. అది 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. 76ను 13.6తో గుణిస్తే మళ్లీ అదే 10.3 మీటర్లు. నెట్టేది పైనున్న గాలే అయితే కొండెక్కేకొద్దీ పాదరసం దిగాలి కదా అని ఫ్రాన్సులో పాస్కల్ ఆలోచించాడు. ఆయన బావ పెరియే 1648 సెప్టెంబరు 19న ప్యూయి ద డోమ్ అనే కొండ ఎక్కి చూశాడు. వెయ్యి మీటర్లకు దగ్గరగా ఎక్కేసరికి పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది. కింద ఊళ్లో ఉంచిన రెండో గొట్టంలో మాత్రం కదలలేదు. అంతటితో వాదం తీరిపోయింది.

మా మామ వాళ్ల బావిలో మోటరు ఎన్ని దిమ్మెలు దిగినా చివరికి నీళ్లు దిమ్మెలకు అందలేదు. బోర్లు వచ్చాయి. బోరు లోతులో ఈ దిమ్మె మోటరు పనికిరాదు కాబట్టి నీళ్లలోనే మునిగి ఉండే సబ్‌మర్సిబుల్ మోటరు దించారు. అది కింద నుంచి పైకి నెట్టుతుంది. ఆకాశం సాయం అవసరం లేదు, కాబట్టి ఆకాశం పెట్టిన హద్దూ లేదు. వందల అడుగుల నుంచి నీళ్లు వచ్చాయి. ఈ మార్పును ఊళ్లలో అందరూ కొత్త యంత్రం వచ్చిందనే చూశారు. నాకు మాత్రం ఒక మంచి హద్దు పోయిందనిపిస్తుంది. దిమ్మె మోటర్ల కాలంలో నీళ్లు మోటరుకు ఏడు మీటర్లు దాటి దిగితే రైతు ఆగి ఆలోచించక తప్పేది కాదు. దిమ్మె కట్టాలా, పూడిక తీయాలా, పంట తగ్గించాలా అని. గాలి ఒత్తిడి తనకు తెలియకుండానే భూగర్భ జలానికి కాపలా కాసింది. ఆ కాపలా తీసేశాక భూమి అడుగు దాకా తోడగలిగాం. ఇది ఏడో తరగతి పాఠంలో ఉండదగ్గ విషయమని నేను గట్టిగా నమ్ముతాను. మన ఊళ్లలో ఉన్న ఎండిపోయిన వ్యవసాయ బావుల గోడలకు ఆ దిమ్మెలు ఇంకా ఉన్నాయి. పిల్లలను ఒడ్డుకు దూరంగా నిలబెట్టి, ఒక దిమ్మెకూ ఇంకో దిమ్మెకూ మధ్య ఎత్తు చూపించి, కారణం అడిగితే చాలు.

బావుల్లో తేడాను పుట్టించేది పంపు. కాజీపేట జంక్షన్‌లో ఆగే రైళ్లు ఆ తేడాను పైపుల్లో నింపుకుని తిరుగుతాయి. రైలు ఆగినప్పుడు కింద నుంచి బుస్సుమని వచ్చే చప్పుడు అందరికీ తెలిసిందే. ప్యాసింజరు రైలు పొడవునా ఒక బ్రేకు పైపు ఉంటుంది. అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపి ఉంచుతారు. ప్రతి పెట్టె కింద చిన్న గాలితొట్టి ఉంటుంది, అదీ అంతే ఒత్తిడితో నిండి ఉంటుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపూ బ్రేకు పడదు, చక్రాలు తిరుగుతాయి. డ్రైవరు పైపులోంచి కొంత గాలి వదిలితే, పైపుకూ తొట్టికీ తేడా వస్తుంది. ఆ తేడాను కనిపెట్టే కవాటం ఇంకో పెద్ద తొట్టిలోని గాలిని బ్రేకు సిలిండరులోకి పంపుతుంది. చైను లాగినా, పెట్టెలు విడిపోయి పైపు తెగినా అదే జరుగుతుంది. గాలి పోతే బండి ఆగుతుంది. దీని మూలరూపం అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1872 నాటికి తయారుచేశాడు. మన రైళ్లలో చాలాకాలం దీనికి బదులు శూన్యంతో పనిచేసే బ్రేకులుండేవి. వాటిలో బ్రేకును నొక్కేది బయటి గాలే. బయటి గాలి ఇవ్వగలిగింది ఒక కిలోకు లోపే. బరువైన రైళ్లకు అది చాలలేదు. బావిలో ఆగిన చోటే అక్కడా ఆగింది.

ఇక వేడి. గాలి స్పర్శ వేడీ కాదు చల్లనా కాదు అన్న అన్నంభట్టు మాటను మే నెలలో హనుమకొండలో నిలబడి చదివితే కోపం రావచ్చు. వడగాడ్పు ముఖాన కొడుతుంటే ఇది వేడిది కాదంటే ఎవరొప్పుకుంటారు! కానీ ఆలోచించండి. సూర్యకాంతిలో చాలా భాగం గాలిని పెద్దగా వేడెక్కించకుండానే దాటిపోతుంది. అది నేలను కాలుస్తుంది. పద్మాక్షి గుట్ట రాళ్లు, తారురోడ్లు, స్లాబులు కాలి, వాటిని తాకిన గాలికి వేడిని ఇస్తాయి. అందుకే సూర్యుడు నడినెత్తిన ఉన్న పన్నెండు గంటల కంటే మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఎక్కువ ఉష్ణోగ్రత నమోదవుతుంది. నేల కాలాలి, ఆ తర్వాత గాలి కాగాలి. వేడి గాలి తేలికై పైకి లేస్తుంది. గుట్ట మీద రెక్క కదపకుండా గద్దలు చుట్లు తిరిగేది ఆ లేచే గాలి మీదే. వడగాడ్పు వేడి అప్పు తెచ్చుకున్న వేడి. మూడు వందల యాభై ఏళ్ల కిందటి తార్కికుడు ఈ విషయంలో తప్పు చెప్పలేదు.

చల్లదనం కూడా అప్పే. ఎండాకాలం మన ఇళ్లలో కూలర్లు పెట్టుకుంటాం. గడ్డి పలకల మీద నీళ్లు కారుతుంటాయి, ఫ్యాను గాలిని వాటి గుండా లాగుతుంది, నీరు ఆవిరవుతూ గాలి వేడిని తీసుకుంటుంది. 43 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉంటే, ఆ గాలిని నీటితో 25 డిగ్రీల దగ్గరికి చల్లబరచే వీలుంది. అదే కూలరు జూలైలో పనిచేయదు. బయట 32 డిగ్రీలే ఉన్నా తేమ 80 శాతం ఉంటే 29 కంటే కిందికి దించలేం. 18 డిగ్రీల చోట 3 డిగ్రీలు. కూలరు చెడిపోలేదు, తేడా తగ్గిపోయింది. మన ఒంటి చెమట కూడా అప్పుడు ఆరదు. మేలో మండిపోతున్నామని, జూలైలో ఉక్కపోస్తోందని అనేది ఇందుకే. అన్నట్టు, తేమ నిండిన గాలి బరువుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పొడి గాలి కంటే తేలిక. నీటి అణువు బరువు 18, గాలి అణువుల సగటు 29. బరువైన వాటి చోట్లోకి తేలికైనవి వచ్చి చేరతాయి. సముద్రం మీద తడిసిన గాలి అందుకే సులువుగా పైకి లేస్తుంది.

ఇక పాఠంలోని మొదటి మాట, గాలి చోటు ఆక్రమిస్తుందని చెప్పడానికి నీళ్లలో బోర్లించిన గ్లాసు చాలు. కానీ మనకు అంతకంటే గొప్ప సాక్ష్యం పాలంపేటలో ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. ఇటుక ఒళ్లంతా సన్నని రంధ్రాలు, వాటి నిండా గాలి. ఆ గాలి ఇటుకను పైకి లాగదు. ఇటుకలో చోటు తీసుకుంటుంది, బరువు దాదాపు ఇవ్వదు. మట్టి బరువు తక్కువ, తొలగించిన నీటి బరువు ఎక్కువ, కాబట్టి తేలుతుంది. కింద నిలబడిన రాతి స్తంభాల మీద శిఖర భారం తగ్గించడానికి కాకతీయుల కాలపు శిల్పులు ఆ ఇటుకను ఎంచుకున్నారు. గాలికి స్థలం ఉందన్న వాక్యాన్ని కట్టడంగా మార్చినవాళ్లు వాళ్లు.

ఆ గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేట ఉంది. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అక్కడ 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ ఒక్కరోజులో అంత వాన నమోదు కాలేదు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి నీట మునిగింది, జనం మేడల మీదికెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హనుమకొండలో, వరంగల్‌లో కాలనీలకు కాలనీలు చెరువులయ్యాయి. కొందరు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో వార్తల్లో వినిపించిన మాట మనకందరికీ బాగా తెలిసిందే: బంగాళాఖాతంలో అల్పపీడనం. వాన మొత్తానికి అదొక్కటే కారణం కాదు. రుతుపవనాలు మోసుకొచ్చిన తేమ లేకపోతే అల్పపీడనం ఏమీ కురిపించలేదు. కానీ ఆ తేమను ఒక చోటికి పిలిచింది అదే.

అల్పపీడనం అంటే ఎంత తక్కువ? చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని మిల్లీబార్లు. వెయ్యిలో నాలుగైదు. పదంతస్తుల మేడ లిఫ్టులో ఎక్కితే మన మీద అంతకు దగ్గరగానే ఒత్తిడి తగ్గుతుంది. అయినా మేడ మీద తుఫాను రాదు. నేను చాలాకాలం దీని దగ్గరే ఆలోచిస్తూ ఉండిపోయాను. మేడ కిందికీ పైకీ ఉన్న తేడాను మధ్యలో ఉన్న గాలి బరువు మోస్తుంది. కింద ఒత్తిడి పైకి నెట్టినంతా, గాలి బరువు కిందికి లాగుతుంది. లెక్క సరిపోయింది, కదలిక లేదు. సముద్రం మీద తేడా అడ్డంగా ఉంది. ఒక చోట 1000, కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో 996. అడ్డంగా ఉన్న తేడాను ఏ బరువూ మోయదు. కాబట్టి గాలి కదలక తప్పదు. భూమి తిరుగుతూ ఉండటం వల్ల అది తిన్నగా వెళ్లలేక చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి చేరుతుంది, పైకి లేస్తుంది, చల్లబడుతుంది, తన తేమనంతా వదిలేస్తుంది. మన నెత్తి మీద టన్నుల బరువుంటే తెలియకపోవడం, వెయ్యిలో నాలుగు తగ్గితే ఊళ్లు మునగడం, రెంటికీ కారణం ఒకటే.

మా అన్న కూతురికి నేను ఇచ్చిన జవాబు కూడా ఇదే. అరచేయి చాపమన్నాను. వంద చదరపు సెంటీమీటర్ల ఆ చేతి మీద వంద కిలోలకు దగ్గరగా గాలి బలం ఉంది. చేతి కింద నుంచీ అంతే ఉంది. చేతి లోపలి రక్తమూ మాంసమూ అదే ఒత్తిడితో ఎదురు నిలుస్తున్నాయి. ఎక్కడా తేడా లేదు, తెలియదు. "మరి తేడా ఉన్నచోట చూపించు" అంది.

ఇప్పుడు కొన్ని ఫోన్లలో గాలి ఒత్తిడిని కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఇంటిముందు నేల మీద ఒక అంకె, మూడంతస్తుల మేడ మీద ఒక అంకె. ఒక మిల్లీబారు తగ్గుతుంది. పెరియే కొండెక్కి చేసిన పనే ఇది, మెట్లెక్కి చేయవచ్చు. పద్మాక్షి గుట్ట ఎక్కితే ఇంకా స్పష్టం. మన ఊళ్లో ఆ అంకె 980 చుట్టూ ఉంటుంది. యాప్ 1005, 1010 అని చూపిస్తే అది సముద్రమట్టానికి సవరించిన లెక్క, సవరించనిది ఎంచుకోవాలి.

జూన్ నుంచి అక్టోబరు దాకా ఒక నోట్‌బుక్ పెట్టి, ఈ అంకెను ఒకే చోట నుంచి రోజూ రాయమన్నాను. ఒకే వేళకు రాయడం ముఖ్యం. గాలి ఒత్తిడి మన దగ్గర ప్రతిరోజూ తనంతట తాను రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. సూర్యుడి వేడికి వాతావరణమంతా ఒక పద్ధతిలో కదలడం వల్ల ఇది జరుగుతుంది. ఉష్ణమండలంలో ఉన్న మనకు పగటి పూట ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. ఉదయం పదింటి అంకెను సాయంత్రం నాలుగింటి అంకెతో పోల్చి అల్పపీడనం వచ్చిందని బెదిరిపోకూడదు. నిన్నటి నాలుగింటిని ఇవాళ్టి నాలుగింటితోనే పోల్చాలి. అలా పోల్చినా అంకెలు రెండు మూడు రోజులు వరుసగా దిగుతూ పోతుంటే, తూర్పున సముద్రం మీద ఏదో తయారవుతూ ఉండొచ్చు, ఇంట్లో చెప్పి ఆ రాత్రి వాతావరణ శాఖ ప్రకటన చూడమన్నాను.